ఒక్క అక్షరం మారితే కొడవలి కణం

సంపాదకులకు,

ఎర్ర రక్తకణాలను కొడవలిలా వంచే వంశపారంపర్య వ్యాధి సికిల్‌సెల్‌ను మామూలు రక్తహీనతగా పొరబడి ఐరన్ మాత్రలతో సరిపెట్టకూడదు. ఇది ఇనుము లోపం కాదు, ప్రోటీన్ ఆకృతిలో వచ్చిన లోపం.

రక్తంలో ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్ హిమోగ్లోబిన్. అందులో భాగమైన బీటా గ్లోబిన్ గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటాయి. జన్యువులోని డీఎన్‌ఏ అక్షరాల్లో జీఏజీ అని ఉండాల్సిన చోట జీటీజీ అని పడితే, ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలిన్ వస్తుంది. మొదటిది నీటితో కలుస్తుంది, రెండోది నీటికి దూరం జరుగుతుంది. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలినప్పుడు ఈ వాలిన్ పక్క అణువులోని చిన్న గుంటలో ఇరుక్కుంటుంది. అలా ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులవుతాయి, కణం కొడవలిలా వంగుతుంది. ఆక్సిజన్ అందితే మొదట్లో తిరిగి గుండ్రబడుతుంది. పదేపదే వంగితే పొర దెబ్బతిని అలాగే బిగుసుకుపోతుంది. 120 రోజులు బతకాల్సిన కణం 10 నుంచి 20 రోజుల్లోనే నశిస్తుంది. ఒంట్లో నీరు తగ్గితే కణంలో హిమోగ్లోబిన్ చిక్కబడి పోగులు ఇంకా త్వరగా కడతాయి. ఎండలో పనిచేసే రోగులకు నీళ్లు మందుతో సమానం.

పాడేరు, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాల ఆరోగ్య సిబ్బందికి ఒక విన్నపం. తొలి వడపోతకు చేసే సాల్యుబిలిటీ పరీక్ష పాజిటివ్ వస్తే అది వ్యాధో, వాహక లక్షణమో (తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే లోపమున్న జన్యువు రావడమో) తేలదు. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష గానీ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష గానీ తప్పనిసరి. ఆరు నెలల్లోపు పసివాళ్లలో గర్భస్థ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి సాల్యుబిలిటీ పరీక్ష నెగెటివ్‌ను నమ్మకూడదు. వ్యాధి ఉన్న పిల్లలకు ఇన్ఫెక్షన్లతో పోరాడే ప్లీహం త్వరగా పాడవుతుంది, అందుకే జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి పంపండి. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. ఈ మాట పెళ్లికి ముందే చెప్పాలి.

– రక్తపరీక్షల ల్యాబ్ సిబ్బంది