కుండీలోని కరివేపాకుకు చలి తగలకముందే

విజయవాడ,
సెప్టెంబరు 27.

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నాన్నగారూ నేనూ క్షేమం.

మొన్న వీడియోలో చూపించిన కరివేపాకు మొక్క నడుమెత్తు పెరిగి, కొత్త చిగుళ్ళతో కళకళలాడుతోంది. దానిని ఈ చలికాలం ఎలా దాటించాలని నీవు అడిగిన ప్రశ్నకు ఫోనులో జవాబు చెబితే సగం మరచిపోతావని వ్రాస్తున్నాను. పైగా రెండేళ్ళ క్రితం షికాగోలో నీ మొదటి మొక్కను చంపినది నేనే కనుక, ఈ విషయంలో నీకు ఒక ఉత్తరం బాకీ ఉన్నాను.

ఆ సంగతి నీకు ఇప్పటిదాకా సరిగా చెప్పలేదు. మన మేడమీద కుండీలకు తెల్లవారగానే చెంబుతో నీళ్ళు పోసే అలవాటు నాకు సముద్రం దాటినా పోలేదు. కిటికీ పక్కన పెట్టిన ఆ మొక్కకు రోజూ నీళ్ళు పోశాను, అడుగున ఉన్న పళ్ళెంలో నీరు నిలిచినా పట్టించుకోలేదు. ధనుర్మాసం వచ్చేసరికి ఆకులు పసుపురంగుకు తిరిగి రాలుతుంటే, దాహమేమో అనుకుని ఇంకొక చెంబు ఎక్కువ పోశాను. సంక్రాంతి వెళ్ళాక కుండీ బోర్లించి చూస్తే వేళ్ళు నల్లబడి, మెత్తబడి, కుళ్ళు వాసన వేశాయి. వేళ్ళకు కూడా గాలి కావాలనీ, నీటితో నిండిన మట్టిలో అవి ఊపిరాడక చస్తాయనీ 30 ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన మనిషిని నేను! అందుకే ఆ రోజు నీతో "చలికి పోయిందిరా" అని మాత్రమే అన్నాను.

చలిలో కరివేపాకు ఎదగదు, నిద్రపోతుంది. నిద్రలో ఉన్న మొక్క నీటిని పెద్దగా పీల్చదు, ఎరువు అడగదు. ఆ నాలుగైదు నెలలు దానిని పెంచే ప్రయత్నం మానుకుని, ఉన్నదానిని ఉన్నట్టు నిలబెట్టుకుంటే చాలు. మనమూ ఇక్కడ రోహిణి కార్తెలో కొత్తిమీరను పెంచాలని చూడము కదా, నీడ వల కింద ఆ కాస్త పచ్చదనం నిలిస్తే అదే పదివేలు అనుకుంటాము.

ఇక చేయవలసిన పని. రాత్రి వేడి మీ ఫారెన్‌హీట్ లెక్కలో 50 డిగ్రీలకు, అంటే మన సెల్సియస్ లెక్కలో 10కి దిగకముందే కుండీని లోపలికి తేవాలి. మీ ఊళ్ళో అది మరి కొన్ని రోజుల మాటే కనుక ఈ ఆదివారమే ఆ పని పెట్టుకో. తెచ్చే ముందు ఆకుల అడుగుభాగం, కొమ్మల సందులు తప్పక పరిశీలించు. తెల్లటి దూదిలా కనిపిస్తే పిండినల్లి, కాండానికి గోధుమరంగు బొడిపెల్లా అతుక్కుని ఉంటే పొలుసు పురుగు. బయట ఉన్నంతకాలం వానా గాలీ వాటిని కొంత అదుపులో ఉంచుతాయి, కానీ హీటరు వేసిన గదిలోని పొడిగాలిలో అవీ, వాటితోపాటు ఎర్రనల్లీ విజృంభిస్తాయి. మొక్కకు పై నుంచి కింది దాకా గట్టిగా నీటి స్నానం చేయించి, లీటరు నీటికి ఒక చెంచా వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు కలిపి పిచికారీ చేసి, వారం తరువాత మరొకసారి చెయ్యి.

లోపల దక్షిణపు కిటికీ దగ్గర, హీటరు గాలి నేరుగా తగలని చోట పెట్టు. అతి పొట్టి రోజున కూడా విజయవాడలో పగలు 11 గంటలకు తగ్గదు, మీకు మాత్రం 9 గంటలకు కాస్త పైన, అది కూడా వాలుగా పడే నీరెండ. అద్దం వెనుక గది ఎంత వెచ్చగా ఉన్నా ఆ వెలుతురు కరివేపాకుకు చాలదు. కనుక ఎల్‌ఇడి దీపం ఒకటి కొని, మొక్కకు జానెడు ఎత్తున వేలాడదీసి, రోజుకు 12 గంటలు వెలిగించు.

నీటి విషయంలో చెంబు లెక్క వద్దు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి, తడి తగలనప్పుడు మాత్రమే గోరువెచ్చని నీరు పోసి, పళ్ళెంలోకి దిగినది అరగంటలో పారబొయ్యి. కుండీని ఎత్తి చూసే అలవాటు చేసుకుంటే పది రోజుల్లో బరువే నీకు చెబుతుంది. పుల్లమజ్జిగ, బియ్యం కడుగు మన వాకిట్లో చెట్టుకు పోస్తామని అక్కడ కూడా పోయవద్దు. మూసిన గదిలో ఆ వాసనా, దానికి చేరే చిన్న ఈగలూ మీరు భరించలేరు.

ఇంత చేసినా డిసెంబరులో ఆకులు రాలవచ్చు, మొత్తం మోడు కావచ్చు. అప్పుడు నాలా బెంబేలెత్తి నీళ్ళు పోయకుండా, గోటితో కొమ్మ పైపొర కొద్దిగా గీకి చూడు. కింద పచ్చగా ఉంటే మొక్క బ్రతికే ఉంది. ఆ రోజుల్లో పోపుకని దాని ఆకు దూయవద్దు. డెవాన్ అవెన్యూలోని మనవాళ్ళ దుకాణాల్లో కొన్నది కడిగి, బాగా ఆరబెట్టి, గాలి చొరని సంచిలో ఫ్రీజరులో పెట్టుకుంటే, రంగు కాస్త నల్లబడినా సాంబారుకు పనికి వస్తుంది.

పెదవడ్లపూడి వైపు తోటల నుంచి మంచి మొక్క పంపమని అడిగావు. అది కుదరదు. కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబానిది, వాటికి తెగులు మోసే పురుగు దీని మీద కూడా బ్రతుకుతుంది కనుక అమెరికా వారు దానిని రానివ్వరు. కుటుంబం మాట వచ్చింది కనుక ఒక ముచ్చట: దీని శాస్త్రీయ నామంలోని 'కోనిగీ' అన్న మాట యోహాన్ కోనిగ్ అనే వృక్షశాస్త్రవేత్త పేరు మీద వచ్చింది. ఆయన 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు.

పుదీనాకు ఇంత సేవ అక్కరలేదు. పైన ఎండిపోయినా మట్టిలో వేరు బ్రతికి, వసంతంలో మళ్ళీ లేస్తుంది. కుండీని గడ్డకట్టే గాలికి వదలక గరాజు మూలన పెట్టు. వంటకు కావాలంటే నాలుగు కొమ్మలు ఇప్పుడే గాజుగ్లాసు నీటిలో వేసుకో.

కొత్తిమీర సంగతి వేరు. దానికి చల్లదనమే ఇష్టం. ఇక్కడ కార్తీకం దాటాక రైతు బజారులో కట్టలు గుట్టలుగా పోసి అమ్ముతారు, అదే మేలో చూడు, నాలుగు ఆకులు వేయకముందే పువ్వు ఎత్తి కూర్చుంటుంది. అక్కడ దాని బెంగ వెలుతురు గురించే కనుక అదే దీపం కింద వెడల్పాటి తొట్టిలో విత్తు. ధనియాలను అప్పడాల కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలుగా చేసి, ఒక పూట నానబెట్టు. ఒకేసారి అంతా చల్లక మూడు వారాలకు ఒక వరుస చొప్పున వేస్తే ఎప్పుడూ కోతకు కొంత ఉంటుంది. మెంతులు మరీ తేలిక, మూడు వారాలలోపే పప్పులోకి వస్తాయి.

మేలో రాత్రులు 50 డిగ్రీలు దాటి నిలిచాకనే కరివేపాకును బాల్కనీకి చేర్చు. అది కూడా మొదటి వారం నీడలోనే, లేకపోతే లేత ఆకు మాడిపోతుంది. అంతకుముందు మార్చి మొదటి వారంలో ఒకసారి కొమ్మ గీకి, లోపల ఏ రంగు కనిపించిందో నాకు ఫోను చెయ్యి. అప్పటిదాకా ఇంట్లో మజ్జిగ ఉంటే నువ్వే తాగు.

ఆశీస్సులతో,
అమ్మ