వెనకాల తగిలించే ట్రైలర్ సంగతి కూడా ఎవరన్నా పట్టించుకోండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

హెల్మెట్ గురించి, ఓవర్ స్పీడ్ గురించి, తాగి నడిపేవాళ్ళ గురించి మీ పేపర్లో రోజూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది, రావాలి కూడా. కానీ పికప్పుల వెనకాల, ట్రాక్టర్ల వెనకాల తగిలించి లాక్కెళ్ళే ట్రైలర్ల గురించి ఒక్క ముక్క కూడా కనపడట్లేదు, అందుకే ఈ ఉత్తరం. కనకదుర్గ వారధి దాటి గుంటూరు వైపు వెళ్ళేటప్పుడు కాసేపు గమనించండి, జనరేటర్లు, కాంక్రీట్ మిల్లర్లు, పెళ్ళిళ్ళ లైటింగ్ సామాను, ఈమధ్య ఐతే టిఫిన్ బండ్లు కూడా ట్రైలర్ లాగా చేయించి బొలెరో పికప్పుకి కట్టేస్తున్నారు. కొంతమంది కుర్రాళ్ళు ఫోన్లో వీడియోలు చూసి సూర్యలంక బీచ్‌కో అరకుకో వెళ్ళడానికి చిన్న క్యారవాన్ లాంటివి కూడా చేయిస్తున్నారు. సరదా పడటం తప్పేం కాదు, కుటుంబంతో తిరగాలని ఎవరికి ఉండదు చెప్పండి, కాకపోతే ఆ వెనకది ఎలా తగిలించాలో, బరువు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళే లేరు.

నేను ఆటోనగర్లో చాలా ఏళ్ళు మెకానిక్ పని చేసి మానేశా, ఇప్పుడు మంగళగిరిలో ఉంటున్నా. మొన్నామధ్య కాజ టోల్‌గేట్ దగ్గర టీ తాగుతుంటే పక్కనే ఒక పికప్ ఆగింది, వెనకాల జనరేటర్ ట్రాలీ. అలవాటు కొద్దీ వంగి చూశా. ట్రాలీని పికప్పుకి పట్టి ఉంచే పిన్ను లేదు, దాని బదులు ఇనప రాడ్డు ముక్క ఒకటి దూర్చారు, అది ఒక పక్క సగానికి అరిగిపోయి మెరుస్తోంది, కింద లాకు క్లిప్పు పెట్టాల్సిన చోట బైండింగ్ వైరు రెండు చుట్లు చుట్టి వదిలేశారు. గొలుసు అన్నదే లేదు. బ్రేక్ లైటు ఉందిగానీ దాని వైరు తెగి వేలాడుతోంది. డ్రైవర్ కుర్రాడు మంచోడే, చెప్తే విన్నాడు, "ఓనర్ ఇలాగే ఇచ్చాడు బాబాయ్" అన్నాడు, అన్నాక ఎక్కి వెళ్ళిపోయాడు. ఇంకేం చేస్తాడు, వాడి చేతిలో ఏముంది. ఆ రాడ్డు తెగితే ఆ జనరేటర్ వెనకొచ్చే బైకు వాడి మీదకి వెళ్తుంది, బైకు వాడు హెల్మెట్ పెట్టుకున్నా పెట్టుకోకపోయినా ఒకటే.

మా అల్లుడు వాళ్ళు టెక్సాస్‌లో ఉంటారు, వాళ్ళకి పికప్ ట్రక్కు ఉంది, దానికి ట్రావెల్ ట్రైలర్ అని మంచాలు వంటిల్లు బాత్రూమ్ అన్నీ ఉండే ఇల్లు లాంటిది తగిలించుకుని సెలవలకి వెళ్తుంటారు. నేను వెళ్ళినప్పుడు దాన్ని చూడటమే పనిగా పెట్టుకున్నా. వాళ్ళ దగ్గర అందరూ అన్నీ పాటిస్తారని కాదు, అక్కడా ట్రైలర్లు పల్టీలు కొడతాయి, కానీ పద్ధతి అంటూ ఒకటుంది, దాన్లో మనకి పనికొచ్చేది చాలా ఉంది.

అన్నిటికంటే ముందు బరువు. ట్రైలర్ మొత్తం బరువులో 10 నించి 15 శాతం దాకా ముందు కొక్కెం మీద పడాలి అనేది వాళ్ళ లెక్క. 2,700 కిలోల ట్రైలర్ అనుకోండి, 270 నించి 400 కిలోల దాకా పికప్ వెనక భాగం మీద కూర్చోవాలి. అంతకన్నా తగ్గి బరువంతా ఇరుసుకి వెనక్కి పోయిందంటే స్పీడులో ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది, మరీ ఎక్కువైతే పికప్ వెనక కుంగి ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు దొరకదు. ఇది మన పెద్దోళ్ళకి తెలియని విషయమేం కాదండి, ఎద్దుబండిలో బస్తాలు వెనక్కి పేరిస్తే కాడి ఎద్దుల మెడ మీద నించి పైకి లేచేది, ముందుకి పేరిస్తే ఎద్దులు మోయలేక ఆగిపోయేవి, అందుకని ఇరుసు చూసుకుని బస్తా వేసేవాళ్ళు. ఇప్పుడు టిఫిన్ ట్రైలర్లలో నీళ్ళ ట్యాంకు, గ్యాస్ బండలు, గ్రైండరు మొత్తం వెనక తలుపు దగ్గర పెడుతున్నారు. లీటరు నీళ్ళంటే కిలో బరువు, 200 లీటర్ల ట్యాంకు నింపి వెనక పెడితే 200 కిలోలు వెనక పెట్టినట్టే కదా.

ఇంకోటి, కొక్కెం మీద పడే ఆ బరువు కూడా పికప్ మోసే లోడు కిందకే వస్తుంది. అమెరికాలో డ్రైవర్ డోర్ తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, మనుషులు సామాను కలిపి ఇంతకి మించకూడదని. మనవాళ్ళు ఇంజన్ లాగుతోందా లేదా అనే చూస్తారు. ఇంజన్ ఎంతైనా లాగుతుందండి, ఆపడం దగ్గరే ఉంది కష్టమంతా. 60లో వెళ్ళే బండి 80కి వెళ్తే బ్రేకుల మీద పడే శక్తి ఇంచుమించు 1.8 రెట్లు అవుతుంది, దానికి తోడు వెనక నించి టన్నో రెండు టన్నులో నెడుతూ ఉంటుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు, అంటే సుమారు 1,360 కిలోలు దాటితే ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండాల్సిందే. స్టీరింగ్ దగ్గర చిన్న కంట్రోలర్ ఉంటుంది, కావాలంటే ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేసుకోవచ్చు. కొక్కెం ఊడిపోతే ఒక సన్న వైరు తాడు లాగబడి ట్రైలర్ బ్రేకులు వాటంతటవే పడిపోయే ఏర్పాటు కూడా ఉంది, దాన్ని చూసినప్పుడు మాత్రం మన ఆటోనగర్లో ఇది చేయలేమా అని చాలాసేపు ఆలోచించా, కచ్చితంగా చేయగలరు, మనవాళ్ళ చేతిలో అంతకంటే పెద్ద పని ఉంది, అడిగేవాళ్ళే లేరు. గొలుసులు రెండు, కొక్కెం కింద ఒకదాని మీద ఒకటి ఇంటూ గుర్తులాగా వెళ్ళాలి, అప్పుడు కొక్కెం ఊడినా ట్రైలర్ ముందు కర్ర రోడ్డుకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద పడుతుంది. దీనికెంత ఖర్చవుతుంది చెప్పండి.

బాలు కొక్కెం, అంటే పికప్ వెనక ఇనప బంతి మీద ట్రైలర్ కప్పు బోర్లించి తగిలించేది, వాడేవాళ్ళకి ఒక మాట, బాలు సైజు, పైన కప్పు సైజు ఒకటే ఉండాలి. 2 అంగుళాల బాలు మీద కొంచెం పెద్ద కప్పు పెట్టినా లాకు పడినట్టే అనిపిస్తుంది, స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరి ఊడొస్తుంది. తగిలించాక ట్రైలర్ ముందు భాగాన్ని జాకీతో కొంచెం పైకి లేపి చూడండి, పికప్ వెనక కూడా దాంతో పాటు లేస్తే పట్టుకున్నట్టు.

వారధి మీద ఏటిగాలి అడ్డంగా కొడుతుంది, పక్కనించి బస్సు దూసుకెళ్తే ఆ గాలికి కూడా ట్రైలర్ ఊగుతుంది. ఊగగానే మనవాళ్ళు భయపడి సడన్ బ్రేక్ వేస్తారు, కొంతమంది స్టీరింగ్ అటూ ఇటూ తిప్పేస్తారు, రెండూ ప్రమాదమే. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసెయ్యాలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి, ట్రైలర్‌కి విడిగా బ్రేకు ఉంటే అది ఒక్కటే వెయ్యాలి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి గంటకి 55 మైళ్ళు, అంటే 88 కిలోమీటర్లకి మించి పోకూడదు, అదీ వాళ్ళ రోడ్లమీద. మన దగ్గర గేదెలు అడ్డం వస్తాయి, ఆటోలు రాంగ్ రూట్లో వస్తాయి, 60 దాటకుండా పోతే కొంపలేం మునగవు. శ్రీశైలం వెళ్ళేవాళ్ళు దోర్నాల దాటాక ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేర్లో దిగండి, బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే వేడెక్కి పట్టడం మానేస్తాయి.

టైర్ల సంగతి కూడా చెప్పాలి. ట్రైలర్ తిరిగేది తక్కువ, ఎండలో నిలబడేది ఎక్కువ, మన బెజవాడ ఎండ సంగతి తెలిసిందే. రోడ్డుకి ఆనే గుండీలు బాగానే ఉంటాయి, పక్కన మాత్రం సన్నటి పగుళ్ళు వస్తాయి. టైరు పక్క నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనట్టు. సెకండ్ హ్యాండ్ టైర్లు కొనేవాళ్ళు అది చూసి కొనండి.

చట్టం లేక కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్‌కి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలని స్పష్టంగా ఉంది, 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కి 20,000 జరిమానా, పైన ప్రతి టన్నుకి ఇంకో 2,000. ఐనా వంగి పిన్ను చూసే ఆఫీసర్‌ని నేను చూళ్ళేదు. రవాణా శాఖ వాళ్ళని మీ పేపర్ ద్వారా అడుగుతున్నా, నెలకి ఒకసారన్నా టోల్‌గేట్ దగ్గర ట్రైలర్ల కొక్కేలు, గొలుసులు, లైట్లు చూడండి, మొదటిసారి ఫైన్ రాయకపోయినా పర్లేదు, బాగుచేయించుకునే దాకా వదలొద్దు. ఆటోనగర్ తమ్ముళ్ళూ, మీరు కూడా గొలుసు కొక్కేలు, ట్రైలర్ లైట్లని బండికి కలిపే ఏడు పిన్నుల సాకెట్ లేకుండా ట్రైలర్ బయటికి పంపకండి, కస్టమర్ వద్దన్నా వినకండి.

మిర్చి సీజన్లో గుంటూరు యార్డుకి ట్రాక్టర్ ట్రక్కులు రాత్రిళ్ళు వరసగట్టి వస్తాయి, సగానికి వెనక లైటే ఉండదు. గేటు దగ్గర ఎలాగూ క్యూలో ఆగుతాయి కాబట్టి ఇద్దరు మనుషుల్ని పెట్టి ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్ వెనక అంటించి, పిన్ను చూసి పంపితే రైతుకి పైసా ఖర్చుండదు, టైమూ పోదు. యార్డు వాళ్ళు, పోలీసు వాళ్ళు కలిసి ఈ సీజన్‌కే మొదలుపెట్టాలని కోరుతున్నా.

ఇట్లు,
ఒక పాత మెకానిక్, మంగళగిరి