మా సారు ఓమ్ని ఇచ్చిన టీచరమ్మకు, దాన్ని రోడ్డెక్కించిన అందరికీ

నిన్న సోమవారంతో సారు వాళ్ల ఓమ్ని వ్యాను మా అమ్మ కోసం తిరగబట్టి మూడు నెలలు నిండాయి. లెక్క పెడితే 39 సార్లు నల్లగొండ పోయి వచ్చాం, అమ్మకు ఒక్క డయాలసిస్ కూడా తప్పలేదు. ఈ ఒక్క మాట చెబుదామనే కూర్చున్నా. కానీ ఎవరెవరు ఏం చేశారో చెప్పకుండా ఉత్త థ్యాంక్స్ అని రాస్తే నాకే మనసు ఒప్పడం లేదు, కొంచెం పొడుగైనా చదవండి.

మాది చండూరు దగ్గర పల్లె. రెండేళ్ల కింద అమ్మకు రెండు కిడ్నీలూ పాడైనాయని తేలింది. సోమ, బుధ, శుక్రవారాలు నల్లగొండ పోవాలి, పోయిన ప్రతిసారీ నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలి. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి డయాలసిస్‌కు పైసా కట్టే పని లేదు. మహాలక్ష్మి వచ్చినప్పటి నుంచి ఆడవాళ్లకు బస్సు టికెట్ కూడా లేదు. మరింక కష్టమేముంది అని మా చుట్టాలే అడిగారు. కష్టమంతా బస్సు మెట్టు దగ్గర ఉంది. అమ్మ పుట్టి పెరిగింది మర్రిగూడ మండలంలో. బావి నీళ్లు, బోరు నీళ్లు తాగిన తరం, ఫ్లోరైడ్‌తో నడుము వంగింది, మోకాళ్లు పూర్తిగా చాపలేదు. నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చేసరికే ఆమె ఎముకలకు కావలసిన నష్టం అయిపోయింది. ఆ కాళ్లతో బస్సెక్కాలంటే కింద నుంచి నేను ఎత్తాలి, పైనుంచి ఇంకెవరో చెయ్యి అందుకోవాలి, అది కూడా కుడి చెయ్యే, ఎందుకంటే ఎడమ చేతికి ఫిస్టులా ఉంది, సూదులు గుచ్చేది అక్కడే, దానికి దెబ్బ తగిలితే మళ్లీ ఆపరేషన్ దాకా పోతుంది. గుంపులో ఆ చేతిని ఎవరూ తగలకుండా నేను అడ్డం నిలబడేవాణ్ణి.

పోయేటప్పుడు ఎట్లాగో పోతాం. వచ్చేటప్పుడే నరకం. మిషన్ మీద నుంచి దిగాక బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి. ఒకరోజు సీటు దొరక్క అమ్మ బస్సులో కిందనే కూర్చుంది. ఇంటికొచ్చాక "నన్ను ఇంక తీస్కపోకు బిడ్డా" అన్నది. ఆటో మాట్లాడితే పోయి రావడానికి, అక్కడ ఆగినందుకు కలిపి 1,200 రూపాయలు, నెలకు 15 వేలు దాటేది, నాకొచ్చే జీతంలో అది ఎన్ని నెలలు నడుస్తుంది? రెండుసార్లు డయాలసిస్ మానేశాం. రెండోసారి రాత్రి కాళ్లు వాచి, ఊపిరి ఆడక, 108లో తీసుకపోయినం. ఆ రాత్రి గురించి ఇంకేం రాయలేను.

అమ్మ బస్సులో కింద కూర్చున్న రోజు అదే బస్సులో మా సారు భార్య, మేమంతా టీచరమ్మ అని పిలిచే ఆమె, పెన్షన్ పని మీద పోయి వస్తోందట. నేను చూడలేదు, ఆమె చూసింది. రాత్రి ఫోన్ చేసింది. "మీ సారు బండి చింతచెట్టు కింద ఎండుతాంది కదరా, తోల్కపో" అన్నది. నాకు నోట మాట రాలేదు.

ఆ బండి గురించి చెప్పాలి. మా హైస్కూల్లో లెక్కలు చెప్పిన సారు 2009లో కొన్న మారుతి ఓమ్ని, ఏపీ 24 నంబరు, తెల్లది. పదో తరగతి పరీక్షలప్పుడు సెంటరు దూరమని మమ్మల్ని అందులోనే ఎక్కించుకుని పోయేవారు, 2011 మార్చిలో నేను కూడా ఆ స్లైడింగ్ డోర్ పక్కనే కూర్చుని సూత్రాలు వల్లె వేసుకుంటూ పోయాను. 2023 డిసెంబరులో సారు పోయారు. అప్పటి నుంచి బండి కదల్లేదు. పాత ఇనుము వాళ్లు వచ్చి 20 వేలకు అడిగి పోయారట.

డాలస్‌లో ఉండే వాళ్ల అబ్బాయి ముందు వేరే ఆలోచన చెప్పాడు. అక్కడ పాత కార్లు ఛారిటీకి ఇవ్వడం మామూలేనట, ఫోన్ చేస్తే వాళ్లే వచ్చి బండిని లాక్కుపోతారట, ఎక్కువ బండ్లు వేలంలో అమ్మేసి ఆ డబ్బు వాడుకుంటారట, ఇచ్చినవాళ్లకు పన్ను తగ్గేది కూడా చాలావరకు ఆ అమ్మిన ధర మేరకేనట. మనం కూడా అమ్మి డబ్బు ఇద్దామమ్మా, నేను ఇంకొంచెం కలుపుతా అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. టీచరమ్మ ఒప్పుకోలేదు. "పైసలు రెండు నెలలల్ల అయిపోతయి. బండి ఉంటే మనుషులు పోతరు, వస్తరు" అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది. నాతో ఇంకో మాట కూడా అన్నది: "ఇది నీకు కాదు, మీ అమ్మ ఒక్కదానికీ కాదు. సుట్టుపక్కల ఇంకెవరు పోతున్నరో సూడు." చూస్తే మా పక్క ఊళ్ల నుంచే ఇంకో ఇద్దరు అవే రోజుల్లో, అదే షిఫ్టుకు పోతున్నారు. ఒకరు బైకు మీద వెనక కూర్చుని పోయే పాతికేళ్ల పిల్ల, ఇంకొకరు గట్టుప్పల వైపు మగ్గం నేసే తాత. అందుకే బండిని నా పేరు మీద కాకుండా మా యువజన సంఘం పేరు మీద తీసుకున్నాం, సంఘం రిజిస్టరై ఉండడం కలిసొచ్చింది.

ఇవ్వడం ఒక్క మాటలో అయిపోయింది, కాగితాలకు నాలుగు నెలలు పట్టింది. ఇంట్లో ఇట్లాంటి బండి ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. ఓనరు చనిపోతే నెల రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్చుకోవాలి. టీచరమ్మకు ఆ బాధలో ఇదెవరూ చెప్పలేదు. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పిల్లలిద్దరి నుంచి అభ్యంతరం లేదని అఫిడవిట్, అన్నీ పెట్టి ముందు బండి ఆమె పేరు మీదికి వచ్చింది, తర్వాత ఫారం 29, ఫారం 30తో సంఘం పేరు మీదికి. 2024 ఆగస్టుకే 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ గడువు అయిపోయింది, దాన్ని పొడిగించడానికి ఫారం 25, ఫీజు 5,000, గ్రీన్ ట్యాక్స్ వేరే, ఆలస్యానికి ఇంకొంత. ఒక బ్రోకరు 3,000 తీసుకుని మూడు వారాలు ఫోన్ ఎత్తలేదు, చివరికి మేమే పోయి లైన్లో నిలబడ్డాం, నిలబడితే పని అయింది. పేరు మార్చకుండా అట్లానే నడుపుకోండి, ఎవరడుగుతారు అన్నవాళ్లూ ఉన్నారు. మా వకీలు అన్న వద్దన్నాడు. యాక్సిడెంట్ అయితే ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్ల మెడకే చుట్టుకుంటుంది, సుప్రీంకోర్టు 2018లో కూడా ఇదే చెప్పింది అన్నాడు. బండి దానం చేసిన పెద్దావిడను కోర్టు మెట్లెక్కిస్తామా? ఆ ఒక్క మాటతో అందరం సరేనన్నాం. పన్ను సంగతి కూడా ఆడిటర్‌ను అడిగాం, దానానికి పన్ను తగ్గించే 80జీ డబ్బు రూపంలో ఇచ్చిన దానికే, వస్తువుగా ఇస్తే రాదట. టీచరమ్మకు చెబితే "నేను పన్ను కోసం ఇస్తున్ననా" అని అక్కడితో వదిలేసింది.

బండి తెరిచిన రోజు మర్చిపోలేను. ఓమ్నికి ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది కదా, మెకానిక్ సీటు ఎత్తేసరికి ఇంజన్ మీద ఎలుక గూడు. కాగితం ముక్కలతో కట్టుకుంది. ఒక ముక్క తీసి చూస్తే ఎర్ర పెన్నుతో టిక్కు, పక్కన సారు రాసే ఆ వంకర 8. పాత ఆన్సర్ షీట్లు. టీచరమ్మ ఆ ముక్కను కొంగుకు తుడిచి కళ్లజోడు డబ్బాలో పెట్టుకుంది, ఎవరం ఏం మాట్లాడలేదు. వైరింగ్ సగం కొరికేసింది, బ్యాటరీ చచ్చింది, నాలుగు టైర్లూ పగిలాయి, ట్యాంకులో పెట్రోలు వాసన మారిపోయింది, వెనక బ్రేకులు పట్టేసినాయి. ఓమ్నిల తయారీ 2019లోనే ఆపేశారు, సామాన్లు దొరుకుతాయో లేదో అని భయపడ్డాం, కానీ నల్లగొండలో అన్నీ దొరికినాయి. ఆ మెకానిక్ అన్న సామాన్ల డబ్బు మాత్రమే తీసుకున్నాడు. ఆరు రోజులు పని చేసి కూలి అడగలేదు, "మా నాయన గూడ మిషన్ మీదనే పోయిండు తమ్మీ" అన్నాడు. అన్నా, నీ రుణం మాత్రం నా మీద అట్లనే ఉంది.

బండి ఇన్‌స్పెక్షన్‌కు తీసుకపోయినప్పుడు ఎంవీఐ (మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్) సార్ ఓపికగా రెండు మాటలు చెప్పారు, వారికి కూడా కృతజ్ఞతలు. వెనక సీటు పీకి మంచం పెడదామనుకున్నాం, అట్లా మార్చాలంటే ముందు అనుమతి కావాలి, వద్దు అన్నారు. ఇంకోటి, ఇది వైట్ బోర్డు బండి, అంటే సొంత వాడకానికే, పేషెంట్ల దగ్గర రూపాయి కిరాయి కూడా తీసుకోవద్దు అన్నారు. తీసుకోవడం లేదు. ఒక ట్రిప్పుకు ఐదు లీటర్ల పెట్రోలు పడుతుంది, అది ఊరు పోస్తోంది. నిరుడు వినాయక చవితి చందాలో మిగిలింది మొదటి నెల నడిపింది, తర్వాత కిరాణా కొట్టు దగ్గర డబ్బా పెట్టాం, పత్తి అమ్ముకొచ్చిన రోజు వందో రెండొందలో వేసినవాళ్లు ఎంతమందో. మీ పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

డ్రైవర్ తమ్ముడు మిగతా రోజుల్లో డీసీఎం (సరుకుల బండి) తోలుతాడు. ఈ మూడు రోజులు పొద్దున ఐదున్నరకే వచ్చి హారన్ కొట్టకుండా గుమ్మం ముందు ఆపుతాడు. డోర్ జరుపుతాడు, ఆ పట్టాలు ఇప్పటికీ కిర్రుమంటాయి. అమ్మ మొదట సీటు అంచు మీద కూర్చుంటుంది, తర్వాత ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, ఎవరూ ఎత్తే పని లేదు. మొదటి రోజు తనంతట తను ఎక్కి కూర్చుని "సారు బండి ఎత్తు తక్కువుంది, మంచిగుంది" అన్నది. డయాలసిస్ సెంటర్‌లో సిస్టర్లు, టెక్నీషియన్లు ముగ్గురికీ ఒకే షిఫ్టు ఉండేటట్టు సర్దారు. వాళ్లు అట్లా చేయకపోతే ఒక్క బండితో ఇదంతా అయ్యేది కాదు.

టీచరమ్మా, మీ కాళ్లకు దండం. సారు బండిని బాగా చూసుకుంటున్నాం. ప్రతి ఆదివారం కడుగుతున్నాం, డ్యాష్‌బోర్డులో దొరికిన చాక్‌పీసుల డబ్బా అక్కడే ఉంచాం, తీయలేదు. డాలస్‌లో ఉన్న అన్నకు, హైదరాబాద్‌లో ఉన్న అక్కకు, సంతకాలు పెట్టి కాగితాలు పంపినందుకే కాదు, అమ్మ మాటకు అడ్డం చెప్పనందుకు.

మగ్గం నేసే తాత పోయిన నెల కాలం చేశారు. మొదటి వారంలోనే తను నేసిన తువ్వాల తెచ్చి సీటు మీద పరిచారు, రెక్సిన్ చల్లగా ఉంటే అమ్మకు నడుము పట్టేస్తుందని. అది ఇంకా సీటు మీదే ఉంది. ఆయన కూర్చునే ఎడమ కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. చండూరు, గట్టుప్పల వైపు నుంచి సోమ, బుధ, శుక్రవారాలు పొద్దుటి షిఫ్టుకు నల్లగొండ పోయేవాళ్లు ఎవరైనా ఉంటే ముందు రోజు రాత్రిలోపు చెప్పండి, మీ ఇంటి ముందుకే వస్తాం.