డర్క్ ఒరలో చిన్న చాకు ఎందుకుంది?

బావా,

నీ ఉత్తరం అందింది. ఎడిన్‌బరాలో స్నేహితుడి పెళ్ళికి కిల్ట్, అదే స్కాట్లాండు మగవాళ్ళ గళ్ళ పావడా, అద్దెకి తీసుకుంటే, మేజోడులో దోపుకోమని ఒక చిన్న కత్తి కూడా ఇచ్చారని రాశావు. పాత స్కాట్లాండు వీరులు యుద్ధాల్లో వాడింది ఇదేనా అని అడిగావు. కాదురా. వాళ్ళు వాడింది డర్క్ అనే పొడుగు బాకు, దాని సంగతి తర్వాత చెబుతాను. నీకిచ్చింది స్కియన్ డూ. దాని అలుగు మామూలుగా మూడు, మూడున్నర అంగుళాలకు మించదు. పిడి పైకి కనబడేలా మేజోడు అంచున దోపుకోవడం పందొమ్మిదో శతాబ్దం మొదట్లో స్థిరపడ్డ అలవాటు. 1812 ప్రాంతంలో హెన్రీ రేబర్న్ గీసిన గ్లెన్‌గారీ మెక్‌డొనెల్ చిత్రంలో అది కనిపిస్తుంది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వచ్చాక హైలాండ్ దుస్తులు, అంటే ఉత్తరాది కొండప్రాంతం వాళ్ళ బట్టలు, దర్బారు వేషమైపోయాయి, ఈ కత్తి కూడా వాటితోపాటు అలంకారమైంది.

అంతకు ముందు మూడు వందల ఏళ్ళ కత్తుల సంగతి వేరు, నాకు ఇష్టమైనదీ అదే. మనిషి నడుముకి వేలాడే కత్తి ముందుగా తిండి కత్తి. గొడవొస్తే అదే ఆయుధం. ఈ రెండు పనులూ ఒకే కత్తి మీద పడటం వల్లే వాటి ఆకారాలు అలా వచ్చాయి. మ్యూజియంలో అద్దాల ముందు నిలబడ్డప్పుడు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకో, మిగతావన్నీ నీకే కనిపిస్తాయి.

అప్పట్లో విందుకి పిలిచినవాళ్ళు అతిథికి కత్తి పెట్టేవాళ్ళు కాదు. ఎవరి కత్తి వాళ్ళే తెచ్చుకోవాలి. జావైనా పులుసైనా కొమ్ముతో చేసిన చెంచాతో తాగి, మాంసాన్ని సొంత కత్తితో కోసుకుని చేత్తో తినేవాళ్ళు. ఫోర్కు మామూలు ఇళ్ళలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. దక్షిణాన లోలాండ్స్ పట్నాల్లో వర్తకుడు, చేతిపనివాడు, రైతు ఇలా నడుముకి కట్టుకున్న కత్తుల్లో ముఖ్యమైనది వింగర్. అది బాకుకీ పొట్టికత్తికీ మధ్యస్థంగా ఉంటుంది. రొట్టె, మాంసం కోయడానికి సరిపోతుంది, ఇరుకు సందులో మనిషి మీద పడటానికీ సరిపోతుంది. పట్నం వీధుల్లో నెత్తురు కారే గొడవలు అంత తేలిగ్గా జరిగాయంటే కారణం ఇదే. ఆయుధం కోసం ఇంటికి పరిగెత్తాల్సిన పని ఎవరికీ లేదు.

1452 ఫిబ్రవరి 22నాటి సంగతి చూడు. స్టిర్లింగ్ కోటకి రెండో జేమ్స్ రాజు ఎనిమిదో డగ్లస్ ప్రభువుని అభయమిచ్చి మరీ పిలిపించాడు. రాత్రి భోజనమయ్యాక మాటా మాటా పెరిగి, రాజే స్వయంగా కత్తి దూశాడు. మెడపట్టీ దగ్గర దిగిన దెబ్బ కిందికి ఒంట్లోకి పోయిందని ఆ కాలపు వృత్తాంతం చెబుతోంది. అంటే మొన కిందికి ఉండేలా పిడికిట్లో పట్టి పైనుంచి పొడిచాడన్నమాట. ఛాతీకి పక్కటెముకలు అడ్డమొస్తాయి, పైగా అప్పటి బట్టలు పొరలు పొరలుగా మందంగా ఉండేవి. మెడకీ భుజం ఎముకకీ మధ్య సందులో ఆ అడ్డు లేదు. బాకు పోరు నేర్పే పాత జర్మన్, ఇటాలియన్ గ్రంథాల్లో కూడా మొట్టమొదట ఎదుర్కోవడం నేర్పేది ఈ పైపోటునే. దానికి విరుగుడు కత్తిని ఆపడం కాదు, దిగుతున్న చేతి మణికట్టుని పట్టేయడం. 1566 మార్చి 9న హోలీరూడ్‌లో మేరీ రాణి కార్యదర్శి రిజ్జియోని కుట్రదారులు లాక్కెళ్ళి చంపింది కూడా రాత్రి భోజనం దగ్గరినుంచే. యాభైకి పైగా పోట్లు పొడిచి, రాణి భర్త డార్న్‌లీ బాకుని శవంలోనే వదిలేశారు, నేరంలో ఆయనకీ భాగముందని అందరికీ తెలిసేలా.

వీటిని చేసినవాళ్ళ గురించి కూడా చెప్పాలి. 1483లో ఎడిన్‌బరా నగరం హ్యామర్‌మెన్ సంఘానికి పట్టా ఇచ్చింది. కమ్మరులు, జీనులు చేసేవాళ్ళు, కవచాలు చేసేవాళ్ళతో పాటు కత్తులు చేసే కట్లర్లూ అందులోనే ఉన్నారు. కట్లర్‌గా చేరాలంటే పనితనం చూపించే పరీక్ష ఉండేది. నగిషీ లేని సాదా వింగర్ ఒకటి పూర్తిగా చేసి పెద్దల ముందు పెట్టాలి. సాదాదే అడిగారు చూడు, అది నాకు భలే నచ్చుతుంది. నగిషీ ఉంటే కింద ఉన్న తప్పులు దాక్కుంటాయి. సాదా అలుగు మీద ఏ వంకరా దాగదు. కౌగేట్‌లో ఉన్న మాగ్డలెన్ చాపెల్ ఒకప్పుడు ఆ సంఘం వాళ్ళదే. ఛేంబర్స్ స్ట్రీట్ మ్యూజియం నుంచి నడిచి వెళ్ళేంత దగ్గర, తప్పకుండా చూసి రా.

ఉక్కు ఖరీదైంది, చాలావరకు బయటి దేశాలనుంచి రావాలి. అందుకని మామూలు కత్తిలో ఒళ్ళంతా ఇనుము, పదునుండే అంచు మాత్రం ఉక్కు. ఇనుము మధ్యలో ఉక్కు పెట్టి గానీ, అంచున ఉక్కుపట్టీ ఆనించి గానీ కొలిమిలో కాచి అతుకుతారు. ఇక్కడే సగం కత్తులు పాడయ్యేది. కాక తక్కువైతే అతుకు లోపల సన్నని చీలిక మిగిలిపోయి, కొన్ని నెలలు సాన పట్టేసరికి అంచు పొరలుగా ఊడుతుంది. కాక ఎక్కువైతే ఉక్కు మాడి, సుత్తి కిందే పొడిపొడిగా రాలుతుంది. అతుకు కుదిరాక ఎర్రగా కాచి నీళ్ళలోనో నూనెలోనో ముంచితే అంచు గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసవుతుంది. కాబట్టి మళ్ళీ కొద్దిగా వేడి చేయాలి. తుడిచి మెరిపించిన అలుగు మీద రంగులు నడిచి వస్తాయి. సుమారు 230 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు, 280 దగ్గర ఊదా, 300 దాటితే నీలం. తిండి కత్తికి గడ్డిరంగు దగ్గర ఆపితే పదును చాలాకాలం నిలుస్తుంది. దెబ్బ తట్టుకోవాల్సిన పొడుగు అలుగుని ఊదా దాకా పోనివ్వాలి. పదును కాస్త తొందరగా మొద్దుబారినా విరగదు. పిడిలోకి దిగే తోక మాత్రం మెత్తగానే ఉండాలి. తోక గట్టిపడితే పిడి మొదట్లో పుటుక్కున విరుగుతుంది. పాత కత్తులు ఎక్కువగా విరిగేది సరిగ్గా అక్కడే.

ఇంట్లో ఉండే పెద్ద కత్తి గల్లీ. మన వీధి గల్లీకీ దానికీ ఏ సంబంధమూ లేదులే. మనింట్లో కత్తిపీట ఎలాగో వాళ్ళ వంటింట్లో గల్లీ అలాగ. రొట్టె, జున్ను, మాంసం అన్నీ దాంతోనే. కేల్ ఆకుకూర కాడలు నరకడానికి ప్రత్యేకంగా పొడుగుపాటి గల్లీ ఒకటి ఉండేది. దానికి గొప్ప పదును అక్కర్లేదు, బరువుండాలి. కేల్ కాడ మొదలు కట్టెలా ఉంటుంది, పల్చటి అలుగు అందులో ఇరుక్కుపోతుంది.

జేబులో పెట్టుకునే మడత చాకు జాక్‌టెలెగ్. మొదట్లో వీటికి వెనక స్ప్రింగు లేదు, రివెట్ బిగువు మీదే అలుగు నిలబడేది. దాంతో పొడవబోతే ముడుచుకుని పొడిచినవాడి వేళ్ళే తెగుతాయి. అందుకే గొర్రెల కాపరికీ, బడిపిల్లవాడికీ అది పనిముట్టుగానే ఉండిపోయింది. రివెట్ వదులైతే కింద ఇనుము ఆనించి చిన్న సుత్తితో రెండు దెబ్బలు చాలు, మూడోది ఎక్కువైతే ఇక తెరుచుకోదు. పిడికి పొట్టేలు కొమ్ము వాడేవాళ్ళు. కొమ్ముని వేడి చేసి మెత్తబడ్డాక పలకల మధ్య నొక్కి చదును చేస్తారు. పూర్తిగా ఆరకముందే మేకులు కొడితే తర్వాత ముడుచుకుని మేకు చుట్టూ పగులుతుంది. రాబర్ట్ బర్న్స్ 1785లో రాసిన హాలోవీన్ కవితలో కుర్రకారు కళ్ళు మూసుకుని కేల్ మొక్క పీకి, జాక్‌టెలెగ్‌తో కాడ కోసి రుచి చూస్తారు. తియ్యగా ఉంటే వచ్చే మొగుడో పెళ్ళామో మంచివాళ్ళు, పుల్లగా ఉంటే గయ్యాళి. అదే బర్న్స్ మరో కవితలో, అన్న చేతిలో హతుడైన బైబిల్ ఏబెల్ గొంతు కోసింది జాక్‌టెలెగ్గా, కేల్ గల్లీనా అన్న చర్చ పెడతాడు. స్కాట్లాండు ఇళ్ళలో ఈ రెండూ ఎంత మామూలో అంతకంటే చెప్పక్కర్లేదు.

ఇక డర్క్. నీకు అసలు కావాల్సింది ఇదే. ఉత్తరాన హైలాండ్స్ మనిషి నడుముకి ముందుభాగంలో వేలాడే పొడుగు బాకు. పదిహేడో శతాబ్దం మొదట్లో, అంతకుముందు వాడుకలో ఉన్న రెండు బుడిపెల బాకు నుంచి పుట్టింది. అలుగు ఎక్కువగా 12 నుంచి 18 అంగుళాలు, ఒకే వైపు పదును, వెన్ను మందం. చాలా డర్కులు పాత ఖడ్గాల అలుగుల్ని కోసి చేసినవి. విరిగిన ఖడ్గం పారేస్తారా ఎక్కడైనా! అద్దంలో చూసేటప్పుడు అలుగు పొడవునా ఉండే సన్నని గాడుల్ని గమనించు. మొన దగ్గరికి సన్నబడకుండా మధ్యలో తెగినట్టు ఆగిపోతే అది ఖడ్గం ముక్కే.

పిడిలో అడ్డపట్టీ లేకపోవడం చాలామందికి వింతగా ఉంటుంది. జోరుగా పొడిస్తే చెయ్యి అలుగు మీదికి జారదా? జారకుండా చూసేవి మూడు. అలుగు వైపు పిడి రెండు పక్కలా భుజాల్లా ఉబ్బి ఉంటుంది, రెండో కొసన చదునైన బిళ్ళ ఉంటుంది, మధ్యలో ఒంటిమీదంతా తాళ్ళల్లినట్టు చెక్కుడు పని. ఆ చెక్కుడు అందం కోసమే అనుకుంటారు గానీ, వానలో, నెత్తురులో తడిసిన చేతికి పట్టు దొరికేది దాంతోనే. మొన కిందికి పెట్టి పట్టినప్పుడు బొటనవేలు పైబిళ్ళ మీద ఆనుతుంది, ఒంటి బరువంతా పోటులోకి దిగుతుంది. కర్ర ఎన్నికలో కూడా లెక్క ఉంది. వేరు కర్ర, ఐవీ తీగ మొదలు, బాక్స్ కర్ర, బురదనేలలో వందల ఏళ్ళు నానిన నల్ల ఓక్ వాడేవాళ్ళు. వేరు కర్రలో నార మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి నిలువునా బెజ్జం చేసి తోక దించినా చీలదు. మామూలు తిన్నని కర్ర అయితే నాలుగు పోట్లకే నిలువునా విచ్చుకుంటుంది. తోక పిడినంతా దాటి బయటికొచ్చాక కొసని సుత్తితో చదును చేసి బిగిస్తారు.

యుద్ధంలో డర్క్ ఉండేది ఎడమ చేతిలో. ఆ చేతికే టార్జ్ అనే గుండ్రటి డాలు. రమారమి 20 అంగుళాల వెడల్పు, రెండు వరసల చెక్కలు ఒకదానికొకటి అడ్డంగా వేసి పైన తోలు తొడిగి ఇత్తడి మేకులు దిగ్గొట్టింది. ముంజేయి ఒక పట్టీలో దూర్చి రెండోదాన్ని పిడికిట్లో పట్టుకుంటారు. అదే పిడికిట్లో డర్క్ కూడా, మొన డాలు అంచు కిందినుంచి బయటికి వచ్చేలా. కుడిచేతిలో ఖడ్గం. ఎదుటివాడి బయొనెట్‌ని డాలుతో పక్కకి నెట్టి మీదికి దూసుకుపోయాక, ఖడ్గం తిప్పే చోటు లేనంత దగ్గర్లో డర్క్ పని చేస్తుంది. అంత దగ్గరికి చేరగలిగితేనే సుమా. హైలాండర్లు ప్రభుత్వ సైన్యం చేతిలో ఓడిపోయిన కల్లోడెన్ యుద్ధంలో, 1746 ఏప్రిల్ 16న, బురదనేల, ఫిరంగులు, తుపాకీ గుళ్ళు కలిసి చాలామందిని అంత దూరం రానివ్వలేదు.

ఇప్పుడు ఆ చిన్న చాకు సంగతి. డర్క్ పొడుగయ్యేకొద్దీ తిండి దగ్గర ఇబ్బంది మొదలైంది. అడుగున్నర ఇనుముతో ముద్దంత మాంసం కోసుకోవడం కష్టం. అందుకే డర్క్ ఒర ముందువైపు చిన్న అర కుట్టి ఒక చిన్న చాకు, పద్దెనిమిదో శతాబ్దంలో దాని పక్కన ఫోర్కు కూడా పెట్టారు. ఆయుధమూ భోజనమూ విడిపోయినా ఒకే ఒరలో మిగిలాయి. పాత ఒర కనిపిస్తే ముందు ఆ అరలే చూడు. వాటి నోటి దగ్గర తోలు అరిగి ఉంటే ఆ చాకు రోజూ వాడిందే. అలంకారానికి చేసిన డర్కుల్లో పిడి పైన గోధుమరంగు కెయిర్న్‌గోమ్ రాయి పొదిగి ఏటవాలుగా ఉంటుంది. దాని మీద బొటనవేలు నిలవదు, పోరుకి పనికిరాదు.

1716లో అమల్లోకి వచ్చిన నిరాయుధీకరణ చట్టం హైలాండ్స్‌లో నిషేధించిన వాటిలో ఖడ్గం, డాలు, తుపాకీలతో పాటు వింగర్, డర్క్ పేర్లు కూడా స్పష్టంగా రాసింది. 1746లో చట్టం ఇంకా బిగుసుకుంది, హైలాండ్ దుస్తుల మీద కూడా నిషేధం వచ్చింది. దుస్తుల మీది నిషేధం 1782లో ఎత్తేశారు గానీ, అప్పటికి డర్క్ నడుముకి కట్టుకుని పొలానికి పోయే తరం దాదాపు అయిపోయింది. ఇది తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. ఆయుధం పోయినందుకు కాదు, దాంతోపాటు ఆ పనితనం పోయినందుకు.

చివరగా నీకు పనికొచ్చేది. స్కాట్లాండులో 1995 నాటి చట్టం 49వ సెక్షన్ ప్రకారం పదునైన వస్తువు బహిరంగంగా దగ్గర పెట్టుకోవడం నేరం. జాతీయ దుస్తుల్లో భాగంగా, మతాచారంగా, వృత్తి పని కోసం అయితే మినహాయింపు ఉంది. అంటే కిల్ట్‌తో స్కియన్ డూ పర్వాలేదు, జీన్స్ జేబులో అదే కత్తి ఉంటే పోలీసులు పట్టుకుంటారు. పెళ్ళయ్యాక బట్టలు మార్చుకునేటప్పుడే దాన్ని సంచిలో సర్దెయ్. 3 అంగుళాలు మించని మడత చాకుకి ఇబ్బంది లేదు, తెరిచాక తాళం పడే రకమైతే మాత్రం ఆ మినహాయింపు దానికి రాదు. ఇంటికి డర్క్ కొని తెద్దామనుకుంటున్నావేమో, మన ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాలు దాటిన బాకులు ఆయుధాల కిందికే వస్తాయి, లైసెన్సు లేకుండా తేవద్దు. స్కియన్ డూ కొంటే చెకిన్ సామానులోనే వెయ్యి, చేతిసంచిలో కాదు. దాన్ని తోలు ఒరలోనే నెలల తరబడి ఉంచేయకు. తోలు తేమని పట్టి ఉంచుతుంది, అలుగు మచ్చలు పడుతుంది. తుడిచి, పల్చగా నూనె రాసి, విడిగా గుడ్డలో చుట్టి పెట్టు.

మ్యూజియంలో చూసినవాటి ఒరల ఫొటోలు పంపరా, వెనకవైపు కుట్టు కూడా కనిపించేలా తియ్యి.

నీ బావ