బడి వెనక వాలులో కోళ్ల దడి

తల్లిదండ్రులకు నమస్కారం.

ప్రతి నెలా పరీక్షల తేదీలు, బస్సు వేళలు రాసే ఈ పుటలో ఈసారి కోళ్ల గురించి రాస్తున్నాను. పిల్లలు ఇంట్లో చెప్పే ఉంటారు. పోయిన నెల పట్టపగలు, అందరూ భోజనాల దగ్గర ఉండగా, ముంగిస వచ్చి రెండు పెట్టలను చంపింది. ఆరో తరగతి పిల్లలు 21 రోజులు లెక్కపెట్టుకుంటూ పొదిగించిన పెట్టలవి. ముంగిస దాని పని అది చేసింది. దానికి దారి వదిలింది మాత్రం నేనే.

బడి వెనక స్థలం మీలో చాలామంది చూశారు. పాలకొండల వైపు నుంచి దిగే గులకరాతి నేల. వేసవిలో దడి కడుతున్నప్పుడు ‘వాలు పెద్దగా లేదులే, కూసాలు పాతేయండి’ అన్నాను. రాతి కూసాలు నిలబడ్డాయి, మెష్ బిగించాం. పై అంచు తాడు పట్టినట్టు తిన్నగా వచ్చిందని మురిసిపోయాను కూడా. కింద చూసినవాళ్లం లేము. పల్లపు కొసలో మెష్‌కూ నేలకూ మధ్య కుక్కపిల్ల దూరేంత సందు ఉంది. దానికి కొబ్బరి మట్టలు అడ్డం పెట్టి సరిపెట్టాం.

ఆ తరువాత తాపీమేస్త్రిగా పనిచేసే ఒక తండ్రి వాలు ఎంతుందో కొలవడానికి పారదర్శకపు గొట్టం తెచ్చి, నీళ్లు నింపి, ఏడో తరగతి పిల్లలిద్దరి చేతికి చెరో కొస ఇచ్చారు. ఒకరు ఎగువ కూసం దగ్గర, ఒకరు దిగువ కూసం దగ్గర. నీళ్లు కాసేపు ఊగి ఆగాయి. మొదటిసారి లెక్క కుదరలేదు. గొట్టం మధ్యలో గాలి బుడగ ఇరుక్కుందని ఆయన చూపించారు. వేలితో మీటుతూ బుడగను బయటికి పంపాక మళ్లీ కొలిచారు. ఎగువన నేల నుంచి నీటి మట్టం 1 అడుగు ఎత్తు, దిగువన 3 అడుగుల 9 అంగుళాలు. అంటే 24 అడుగుల పొడవులో 2 అడుగుల 9 అంగుళాల పల్లం. నా కంటికి అది జానెడు! ఆ పిల్లలు నన్నేమీ అనలేదు, కానీ నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది.

జేసీబీ పంపి గంటలో చదును చేయిస్తానని మరో తండ్రి అన్నారు. వారికి కృతజ్ఞతలు. అయినా వద్దన్నాను. ఎగువన తవ్వి దిగువన పోసిన మట్టి గట్టిపడాలంటే కొన్ని వానలు పడాలి. ఈలోగా అందులో పాతిన కూసం ఒరిగిపోతుంది. పైగా మనకు గట్టి వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానులతో వస్తాయి. 2021 నవంబరు వరదల సంగతి మన జిల్లావాళ్లకు నేను గుర్తుచేయనక్కర్లేదు.

అసలు వాలు వల్ల కోడికి ఏ ఇబ్బందీ లేదు. పైకి ఎక్కుతుంది, కిందికి దిగుతుంది, గీరుకుంటుంది. మట్టంగా ఉండాల్సింది గూడు నేల, రాత్రి అవి ఎక్కి కూర్చునే కర్ర, తలుపు ముందు జాగా, అంతే. కాబట్టి నేలను వదిలేసి దడినే మెట్లు మెట్లుగా దించుతాం. 8 అడుగులకు ఒక మెట్టు చొప్పున మూడు. అప్పుడు ఏ మెట్టు కిందా సందు 11 అంగుళాలకు మించదు. ఆ సందులో అడుగున్నర నాపరాళ్లను నిలువుగా, అర అడుగు లోతున పాతి, మెష్ అంచును లోపలివైపు వాటికి ఆనించి కట్టేస్తాం. కింది 3 అడుగులకు అర అంగుళం కంతల వెల్డ్ మెష్ వేయాలి. మామూలు కోళ్ల మెష్ కోడిని లోపల ఉంచుతుందే కాని కుక్కను బయట ఆపదు. దడి బయట అడుగున్నర వెడల్పున మెష్‌ను నేలమీద పరిచి రాళ్లు పెడితే తవ్వే జంతువు గోళ్లకు ఇనుమే తగులుతుంది. గద్దల కోసం పైన షేడ్ నెట్ ఉంది. తలుపు మాత్రం ఈసారి పల్లం వైపుకు తెరుచుకుంటుంది. పాతది మెరక వైపుకు తెరుచుకుని సగంలోనే నేలకు రాసుకునేది, పిల్లలు ఒంటిపక్కగా దూరేవారు. గూడు ఎగువ కొసన ఉంటుంది. దానికి పైన జానెడు లోతు కాలువ తీసి వాననీటిని వేపచెట్ల వైపు మళ్లిస్తాం.

బడిలో కోళ్లెందుకు, ఇబ్బంది కాదా అని అడిగిన తల్లిదండ్రులకు: ఇప్పుడు పన్నెండు ఉన్నాయి, ఇరవైకి మించనివ్వం. 240 చదరపు అడుగులలో ఇరుకు ఉండదు, వాసనా రాదు. కొక్కెర తెగులు టీకా వేయించాం. ముట్టుకున్న ప్రతి పిల్లా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇంటి ఆచారం వల్ల ముట్టుకోని పిల్లలు కోళ్ల లెక్కల పుస్తకం రాస్తారు, ఎవరినీ బలవంతపెట్టడం లేదు.

డబ్బు అడగడం లేదు. చేయి వేయమంటున్నాను. రాబోయే రెండు ఆదివారాలు ఉదయం ఆరున్నర నుంచి పది దాకా. ఆ తరువాత ఎండకు ఎవరూ నిలవలేరు. అన్నిటికంటే ముందు కావలసింది గుంటలు తీసేవారు. అడుగు లోతుకే రాయి తగులుతోంది. ముందురోజు సాయంత్రం గుంటల్లో నీళ్లు పోసి ఉంచుతాం, గడ్డపారలు మాత్రం మీరు తెచ్చుకోండి. పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు అంచు విరిగిన ముక్క నాపరాళ్లు ఇప్పించగలిగితే చాలు, నునుపుతో పని లేదు. ఇంట్లో రసమట్టం ఉన్నవారు తప్పక తీసుకురండి. ఇక నా కంటి లెక్కను ఎవరూ నమ్మరు.

వచ్చేవారు పిల్లల డైరీలో ఒక మాట రాసి పంపండి, టిఫిన్ లెక్క చూసుకోవాలి. చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. పుంజుకు కొత్తవాళ్ల కాళ్లంటే పడదు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయిని
కడప