మన సముద్రం గురించి రాసినవి మన చేతికి రావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

విశాఖ ఆర్కే బీచ్ కోత మీద ఏటా వార్తలు వస్తాయి, నాలుగు రోజులు చర్చ నడుస్తుంది, ఆ తర్వాత అందరం మర్చిపోతాం. ఆ చర్చల్లో ఎక్కడా యూజీన్ లఫాండ్ పేరు వినపడదు. అది నాకు చాలా బాధ కలిగిస్తోంది.

లఫాండ్ అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పనిచేసిన సముద్ర శాస్త్రవేత్త. 1950ల మొదట్లో అతిథి ఆచార్యుడిగా వాల్తేరు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్ గారితోనూ, ఇక్కడి విద్యార్థులతోనూ కలిసి బంగాళాఖాతాన్ని కొలవడం మొదలుపెట్టారు. ఆ పనంతా విశ్వవిద్యాలయమే 1954లో ఒకటి, 1958లో ఒకటిగా రెండు సంపుటాల్లో అచ్చువేసింది. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లయినా కాని రోజుల్లో మన ఊరి నుంచి ఇంత పని జరిగిందంటే గర్వపడాలి.

ఆయన తేల్చిన ముఖ్యమైన విషయం ఇది. ఫిబ్రవరి నుంచి గాలి నైరుతి వైపు నుంచి తీరం వెంబడి వీస్తుంది. భూమి తిరుగుతూ ఉండటం వల్ల పైనీరు గాలి వెంట తిన్నగా పోకుండా కుడివైపుకు, అంటే ఒడ్డు నుంచి సముద్రం లోపలికి తొలుగుతుంది. ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. చేపల మేతకు కావలసిన పోషకాలన్నీ ఆ నీటిలోనే ఉంటాయి. ఈశాన్య గాలి మొదలయ్యాక ఇదంతా తిరగబడుతుంది. నీరు ఒడ్డుకు చేరి కిందికి దిగిపోతుంది. వేట ఏ నెలల్లో బాగుంటుందో మన మత్స్యకారులకు తాతల కాలం నుంచీ తెలుసు. అది ఎందుకు అలా జరుగుతుందో సముద్రంలోకి థర్మామీటర్లు దించి చూపించినవాళ్లు వీళ్లు.

తర్వాత వచ్చినవాళ్లు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో సతీశ్ శెట్యే, డి. శంకర్ వంటి శాస్త్రవేత్తలు మన తీరం వెంట నడిచే ప్రవాహాన్ని 1990ల నుంచి వివరంగా పరిశీలించారు. ఆ ప్రవాహం ఏడాది మొదటి నెలల్లో ఉత్తరానికి, అక్టోబరు నుంచి దక్షిణానికి పారుతుంది. దాన్ని నడిపేది ఇక్కడి గాలి ఒక్కటే కాదనీ, భూమధ్యరేఖ దగ్గర పుట్టి తీరం వెంట వచ్చే తరంగాలు కూడా అందులో ఉన్నాయనీ వాళ్ల పని వల్ల తెలిసింది.

నన్ను అన్నిటికన్నా కదిలించింది 2014లో వచ్చిన ఒక వ్యాసం. 2005 నుంచి మన దేశ తీరంలో ఎనిమిది చోట్ల మత్స్యకారులు ఐదు రోజులకోసారి సముద్రపు నీళ్లు సీసాల్లో పట్టి ఇచ్చారు. వాటిలో ఒకటి విశాఖ. ఆ సీసాల్లోని ఉప్పు శాతం కొలిస్తే, వానాకాలం తర్వాత గంగా బ్రహ్మపుత్రల మంచినీరు ఒడ్డును ఆనుకుని దక్షిణానికి ఒక నదిలా పారుతోందని తేలింది. ఈ పలుచని నీటి పొర తుఫానుల బలాన్ని కూడా ప్రభావితం చేస్తుంది. అంత పెద్ద సంగతికి ఆధారం మన బోటు మనుషుల సీసాలు! ఆ వ్యాసం ఇంగ్లిషులో అమెరికా వాతావరణ సంఘం పత్రికలో వచ్చింది. నీళ్లు పట్టి ఇచ్చిన ఊళ్లకు అది తెలుగులో చేరాలా వద్దా?

ఇక బీచ్ సంగతి. 1954 సంపుటంలోనే లఫాండ్, ఆర్. ప్రసాదరావు కలిసి వాల్తేరు ఇసుక తీరం ఏ కాలంలో కోతకు గురవుతుందో, ఏ కాలంలో మళ్లీ పూడుతుందో రాశారు. మన తీరంలో ఇసుక మొత్తం మీద ఉత్తరానికి నడుస్తుంది. కాకినాడ ముందు గోదావరి ఇసుకతో హోప్ ఐలాండ్ ఏర్పడింది అలాగే. ఆ దారికి హార్బర్ గోడలు అడ్డం వస్తే ఇసుక దక్షిణాన ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న బీచ్ ఆకలితో ఉంటుంది. అందుకే పోర్టు వాళ్లు డ్రెడ్జింగ్‌లో తీసిన ఇసుకను బీచ్‌కు పంపుతున్నారు. హుద్‌హుద్ తర్వాత బీచ్ రోడ్డు పరిస్థితి చూసినవాళ్లకు ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. రాళ్లు పోయాలా, ఇసుక పోయాలా అని కమిటీలు కూర్చునేటప్పుడు బల్ల మీద మొదట ఉండవలసింది ఆ పాత కొలతలు. అవుటర్ హార్బర్ కట్టకముందు ఈ ఒడ్డు ఎలా ఉండేదో చెప్పగలిగేవి అవే.

పరిశోధన పత్రికలకు దేశమంతటికీ కలిపి చందా కట్టే 'ఒకే దేశం ఒకే చందా' పథకానికి కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మంచి పనే. కానీ అది ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివేవారికీ, పరిశోధన చేసేవారికీ. పంచాయతీ సభ్యుడు, మత్స్యకార సంఘం కార్యదర్శి, ప్రైవేటు కాలేజీ లెక్చరర్ దాని పరిధిలోకి రారు. గోవా సంస్థ మాత్రం తన శాస్త్రవేత్తల వ్యాసాలను ఎవరైనా ఉచితంగా చదువుకునేలా నెట్‌లో పెట్టింది. ఆ దారి మనకూ ఉంది.

నా విన్నపం ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, రాష్ట్ర ప్రభుత్వానికి. ఆ రెండు సంపుటాలనూ పూర్తిగా స్కాన్ చేసి అందరికీ ఉచితంగా పెట్టండి. ఒక్కో వ్యాసానికి రెండు పేజీల తెలుగు సారాంశం రాయించండి. సముద్ర శాస్త్రం చదువుతున్న పీజీ విద్యార్థులు ఆ పని ఒక సెమిస్టరులో చేయగలరు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సేవా సంస్థ) చేపలు దొరికే చోట్ల సమాచారాన్ని ఇప్పటికే తెలుగులో ఇస్తోంది. ఈ సారాంశాలను కూడా అదే దారిలో రేవులకు పంపవచ్చు. బీచ్ కోత మీద వచ్చే ప్రతి ప్రాజెక్టు నివేదికనూ, దానికి ఆధారమైన కొలతలతో సహా, పనులు మొదలుకాకముందే జనం ముందు పెట్టండి.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
భీమునిపట్నం