స్కైలైనర్ బుక్ చేసుకున్న అందరికీ: ఏప్రిల్, మే పెళ్ళిళ్ళకు కారు రాదు

ముందు అసలు విషయం చెప్పేస్తాను. ఏప్రిల్, మే నెలల్లో పెళ్ళి ఊరేగింపులకు మా 1957 ఫోర్డ్ స్కైలైనర్‌ని బుక్ చేసుకున్నవాళ్ళకి కారు పంపలేను. జూన్ రెండో వారం నుంచి పంపగలనని నమ్మకం ఉంది. ఎందుకిలా అయిందో డాలస్‌లో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. పెద్దమ్మాయి పెళ్ళికి మా కారే, చిన్నబ్బాయి పెళ్ళికీ మా కారే అన్న కుటుంబాలు మీలో ఉన్నాయి. మీకు ఇది నా నోటి నుంచే తెలియాలి.

పోయిన నెల ఇర్వింగ్‌లో ఒక పెళ్ళి. ఎప్పటిలాగే కారు ఆపి, పెళ్ళికొడుకు ఎక్కేముందు టాప్, అంటే కారు పైకప్పు, తెరవడానికి స్విచ్ నొక్కాను. మామూలుగా అయితే డిక్కీ మూత ముందువైపు నుంచి లేచి వెనక్కి తెరుచుకుంటుంది. స్టీలు టాప్ పైకి లేచి, ముందు అంచు మడుచుకుని, డిక్కీలోకి దిగుతుంది. మళ్ళీ మూత పడుతుంది. అంతా ఒక నిమిషం. డప్పులు ఆపి మరీ అందరూ చూసే నిమిషం అది. ఆ రోజు మూత సగం లేచి ఆగిపోయింది. ఎడమవైపు పైకి, కుడివైపు కిందికి, వంకరగా. పెళ్ళికొడుకు మండపం దాకా నడిచే వెళ్ళాడు. వాళ్ళ మేనమామగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రే వాళ్ళ డబ్బు మొత్తం తిరిగి ఇచ్చేశాను. ఆ కుటుంబానికి ఇక్కడ ఇంకోసారి క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఆ మూతని లేపేది ఒక్కటే మోటారు. దాన్నుంచి రెండు పక్కలకీ మెలితిరిగిన స్టీలు కేబుళ్ళు వెళ్ళి రెండు స్క్రూ జాకీలని, అంటే తిరుగుతూ మూతని పైకి నెట్టే మరలని, తిప్పుతాయి. రెండూ ఒకే లెక్కన తిరగాలి. పాత కేబుల్లో ఒకదాని పోగులు లేచాయని జనవరిలో జత మొత్తం మార్చాను. ఫోర్డ్ ఈ కారుని 1957 నుంచి 1959 దాకా, మూడేళ్ళలో 48 వేల పైచిలుకు మాత్రమే చేసింది. అందుకే పార్టు కావాలంటే పాత కార్లకి కొత్త విడిభాగాలు చేసి అమ్మేవాళ్ళ మీదే ఆధారపడాలి. అలాంటి ఒక షాపు దగ్గర కొన్నాను. ఒరిజినల్ కొలతలే అని రాసి ఇచ్చారు. పదకొండు వారాలు తిప్పించుకుని పంపారు.

పెళ్ళి మర్నాడు కుడి కేబుల్ ఊడదీశాను. నలుపలకలుగా ఉండాల్సిన కొన గుండ్రంగా అరిగిపోయింది. గ్రీజు వేలికి రాసుకుని చూస్తే ఇనుప రజను మెరుస్తోంది. అదే షాపుది, ఇంకా బిగించని ఎడమ స్పేర్ కేబుల్ కొననీ, దాచి ఉంచిన పాత ఒరిజినల్ కొననీ పక్కపక్కన పెట్టి కాలిపర్‌తో కొలిచాను. కొత్తది అర మిల్లీమీటరు సన్నం. జాకీలో వదులుగా కూర్చుని, తిరిగి తిరిగి అరిగిపోయింది. ఫోటోలు పంపితే ఆ షాపువాళ్ళు ఇచ్చిన మొదటి జవాబు, "మీరు బిగించడంలో పొరపాటు జరిగి ఉంటుంది" అని. నాలుగు ఉత్తరాల తర్వాత కేబుల్ ఖరీదు మాత్రం వాపసు ఇచ్చారు. వంగిన మూత, కుడి కీలు దగ్గర పగిలిన పెయింటు తమకి సంబంధం లేదన్నారు. డబ్బు సంగతి వదిలేశాను. బిగించడంలో పొరపాటు అన్న మాట మాత్రం వదల్లేకపోతున్నాను. ఈ కారుని నేను ఎవరికో ఇచ్చి చేయించలేదు. ఇంటి గరాజ్‌లో నాలుగేళ్ళు, ఉద్యోగం నుంచి వచ్చాక రాత్రిళ్ళు కూర్చుని చేసుకున్నాను. టాప్ కోసం ఇందులో 610 అడుగుల వైరు ఉంది. ఒక్కో వైరుకి టేపు చుట్టి నంబరు రాసింది మా ఆవిడ.

ఆ తర్వాత మూడు వారాలు నాకు నిద్ర లేదు. తెలిసినవాళ్ళంతా ఒకటే మాట, "పాత వైరింగ్ పీకేసి ఎలక్ట్రానిక్ కంట్రోలర్ పెట్టించు, టెన్షన్ ఉండదు" అని. ఒక రాత్రి ఆర్డరు దాకా వెళ్ళాను కూడా. మీ ఇంట్లో శుభకార్యం నా పట్టుదల వల్ల చెడకూడదు కదా అనిపించింది. కానీ ఆ రోజు జరిగింది మళ్ళీ మళ్ళీ తలుచుకుంటే ఒకటి తేలింది. ఈ కారులో పది లిమిట్ స్విచ్‌లు ఉన్నాయి. ఒక పని పూర్తయిందని స్విచ్ చెబితేనే తర్వాతి మోటారుకి కరెంటు వెళుతుంది. మూత పూర్తిగా తెరుచుకోలేదు కాబట్టి టాప్ కదల్లేదు. కదిలి ఉంటే వంకర మూత మీదికే వచ్చి పడేది. 1957 నాటి ఆ వైరింగే ఆ రోజు కారుని కాపాడింది. తప్పు కేబుల్ కొనది. తప్పు చేయనిదాన్ని పీకి పారేయడానికి నాకు మనసు ఒప్పలేదు. రిలేలు (మోటార్లకి కరెంటు కలిపే, ఆపే విద్యుత్ స్విచ్‌లు), లిమిట్ స్విచ్‌లు, వైర్లు అన్నీ అలాగే ఉంటాయి.

టాప్ మూసే ఉంచి మే పెళ్ళిళ్ళకి పంపమని కొందరు అడిగారు. పంపను. మీరు బుక్ చేసుకున్నది ఆ నిమిషం కోసం.

కొత్త కేబుళ్ళు మా ఊళ్ళోనే ఒక మెషిన్ షాపులో, పాత ఒరిజినల్‌ని ముందు పెట్టి చేయిస్తున్నాను. కొలిచేటప్పుడు నేనూ పక్కనే ఉంటున్నాను. మూత సరిచేయడం అయిపోయింది, పెయింటు మిగిలింది. అంతా బిగించాక మా ఇంటి ముందు టాప్ వంద సార్లు తెరిచి మూస్తాను. పాతిక సార్లకొకసారి కేబుళ్ళు ఊడదీసి కొనలు కొలుస్తాను. వందా సరిగ్గా పూర్తయితేనే కారు మీ ఇంటికి వస్తుంది. ఇకమీదట ప్రతి పెళ్ళికీ ముందు రోజు ఆ కొనలు చూసి ఫోటో మీకు పంపుతాను.

ఏప్రిల్, మే బుకింగ్‌ల అడ్వాన్సు ఈ వారంలోనే మొత్తం తిరిగి పంపేస్తున్నాను, మీరు అడగక్కర్లేదు. జూన్ రెండో వారం నుంచి జూలై దాకా బుక్ చేసుకున్నవాళ్ళకి తేదీలు అలాగే ఉన్నాయి. మనసు మారితే ఒక మెసేజ్ పెట్టండి, కారణం చెప్పక్కర్లేదు, అడ్వాన్సు పూర్తిగా ఇచ్చేస్తాను. కారుని చూడాలనుకునేవాళ్ళు ఏ శనివారమైనా సాయంత్రం రండి. మూత తీసే ఉంటుంది, అరిగిన కేబుల్ బల్ల మీదే ఉంది.